అంచు కట్టని కుర్చీలు

తొట్టిలోంచి పేము బద్దను ఆయన పైకి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చివరిదాకా జార్చాడు. నీళ్ళు మోచేతి దాకా కారాయి. బద్ద ఇంకా కాస్త బిరుసుగానే ఉంది. దాన్ని మళ్ళీ ముంచి ఇంకొకటి తీశాడు. ఇది బాగా నానింది. వేలికి చుడితే ఉంగరంలా నిలబడింది, చిట్లలేదు. దాన్ని భుజం మీద వేసుకుని, బల్ల మీదున్న ఊగుడు కుర్చీ ముందు నిలబడ్డాడు.

కుర్చీ వీపు అల్లిక ఎప్పుడో అయిపోయింది. సీటు అల్లికా అయిపోయింది. తేనెపట్టులా చిన్న చిన్న గళ్ళు, ఒక్కటీ వంకర లేదు. కిటికీలోంచి వచ్చే ఎండ ఆ గళ్ళలోంచి జారి కింద గచ్చు మీద ఇంకో కుర్చీని అల్లుతోంది. ఇక మిగిలింది అంచు. చట్రం చుట్టూ ఉన్న బెజ్జాల మీద వెడల్పాటి బద్దను పరిచి, సన్న బద్దతో దాన్ని బెజ్జం బెజ్జానికీ కుట్టుకుంటూ పోవాలి. సన్న బద్ద కింద నుంచి పైకొచ్చి, వెడల్పు బద్దను దాటి, మళ్ళీ అదే బెజ్జంలోకి దిగి, కిందనే నడిచి పక్క బెజ్జంలోంచి లేవాలి. అంతే పని. చేయి తిరిగినవాడికి ఒక పూట కూడా పట్టదు.

ఆయన వెడల్పు బద్దను పరిచాడు. సన్న బద్ద కొసను బెజ్జంలోకి దింపాడు. దింపి, కొస వదిలేసి, కుడి చేతిని గాలిలో అలాగే ఉంచి నిలబడ్డాడు.

పక్కన సైకిళ్ళు బాగుచేసే కొట్టులో ఎవరో చక్రాన్ని తిప్పి వదిలారు. అది తిరిగి తిరిగి, సన్నగా ఈల వేసి, ఆగింది. ఎండ ఒక గడిలోంచి పక్క గడిలోకి మారింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. బద్ద ఆ బెజ్జంలోంచి కిందికి, గచ్చులోకి, గచ్చు కింద మట్టిలోకి, ఇంకా కిందికి దిగుతూనే ఉన్నట్టు, ఎక్కడో చాలా లోతున ఎవరో దాన్ని అందుకోబోతున్నట్టు ఉంది. ఆ లోతు చల్లగా ఉంటుందనీ, అక్కడ చప్పుడు ఉండదనీ కూడా ఆయనకు తెలిసినట్టే ఉంది.

తేరుకుని చూసేసరికి బద్ద ఎండిపోయింది. లాగితే చిట్లింది. దాన్ని మూలన పడేసి, పరిచిన వెడల్పు బద్దను మళ్ళీ తొట్టిలో వేసి, ఇవాళ వెలుతురు చాలదులే అనుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది.

ఆ వీధిలో అందరూ ఆయన్ని కుర్చీలాయన అంటారు. సైకిళ్ళ కొట్టుకూ తాళంచెవులు చేసే కొట్టుకూ మధ్య, పొడుగ్గా లోపలికి పోయే గది ఆయనది. అందులో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. గోడల వెంబడి కుర్చీలు, కొక్కేలకు వేలాడే కుర్చీలు, ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చున్న కుర్చీలు. గుమ్మంలో నిలబడి చూస్తే అన్నీ అయిపోయినట్టే కనిపిస్తాయి. దగ్గరికెళితేనే తెలుస్తుంది, చట్రం చుట్టూ బెజ్జాల్లో బిగించిన చెక్క చీలలు పాలపళ్ళలా పైకి పొడుచుకుని ఉంటాయి. దేనికీ అంచు లేదు. అంచు కట్టని కుర్చీలో మనిషి కూర్చుంటే చీలలు వదులవుతాయి, బద్దలు జారతాయి, అల్లినదంతా నెమ్మదిగా విడిపోతుంది. అందుకని ఆయన ఏ కుర్చీనీ గుమ్మం దాటనివ్వలేదు.

ఊగుడు కుర్చీ నర్సమ్మ గారిది. ఊళ్ళో సగం మందిని తన చేతులతో ఈ లోకంలోకి తెచ్చి, ఉద్యోగం చాలించి, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మనిషి. వానలు మొదలయ్యేలోపు చెల్లెలి దగ్గరికి, దూరంగా, మారిపోతోంది. సామానంతా అమ్మేసింది, పంచేసింది. ఆ కుర్చీ మాత్రం తనతో రావాలంటుంది. అందులో కూర్చుంటే తప్ప ఆవిడకు మధ్యాహ్నం కునుకు పట్టదు. అటుగా పోయినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, గొడుగు కొనతో కుర్చీని చూపిస్తుంది.

"ఏమయ్యా, నేను చూసిన కాన్పుల్లో ఇంత ఆలస్యంగా బయటికొచ్చిన బిడ్డ లేదు. నొప్పులైనా మొదలయ్యాయా?"

ఆయన నవ్వేవాడు. రేపు అనేవాడు. ఆ రేపు ఎంతకీ వచ్చేది కాదు.

ఎందుకు ఆగుతోందో ఆయనకు తెలియదు. మొదట సరుకు మీద పెట్టాడు, ఈసారి పేము మంచిది రాలేదని. తర్వాత కళ్ళ మీద పెట్టాడు. కూతురు కళ్ళజోళ్ళ కొట్టులో పని చేస్తుంది. పరీక్ష చేయించి కొత్త జోడు తెచ్చిచ్చింది. దాంతో చీలలు ఇంకా స్పష్టంగా కనిపించాయి, అంతే. తర్వాత భుజం నొప్పన్నాడు. భుజం నొప్పి ఉన్నవాడు గళ్ళు అంత పొందికగా ఎలా అల్లుతున్నాడని భార్య అడిగింది.

మిగతా అల్లేవాళ్ళు అంచు ఒక్కళ్ళే కట్టుకుంటారు. ఈ కొట్టులో మాత్రం అలా ఎప్పుడూ జరగలేదు. అన్నయ్యా తనూ కలిసి ఈ పనిలోకి వచ్చినప్పటి నుంచీ అంచు ఇద్దరిదీ. కుర్చీని ఎత్తు బల్ల మీద పెట్టి తమ్ముడు పైన నిలబడేవాడు. అన్నయ్య కింద పొట్టి పీట మీద, గోడకు వీపు ఆనించి కూర్చుని, సీటు కిందికి చెయ్యి పెట్టేవాడు. పైనుంచి బద్ద దిగేది. కింద అందుకుని, లాగి, పక్క బెజ్జంలోంచి పైకి పంపేవాడు. మాటల్లేవు. బద్దను కింద నుంచి రెండుసార్లు గుంజితే ఇంకా బిగించమని. ఒక్కసారి గుంజితే చాలని. ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్న రోజులు తక్కువ. కానీ ఆ గుంజుల లెక్కన చూస్తే, వాళ్ళంత మాట్లాడుకున్న అన్నదమ్ములు ఉండి ఉండరు. తమ్ముడు అన్నయ్య ముఖాన్ని చూసినదానికంటే, గళ్ళలోంచి ముక్కలు ముక్కలుగా ఆ చేతిని చూసిందే ఎక్కువ.

గడిచిన చలికాలంలో అన్నయ్య ఆసుపత్రిలో పోయాడు. కుర్చీలాయన కంట తడి పెట్టలేదు. పనులన్నీ దగ్గరుండి చూసుకుని, కొట్టు తలుపులు తీసి, మునుపటికంటే వేగంగా అల్లడం మొదలుపెట్టాడు. మనిషి గట్టివాడని వీధి మెచ్చుకుంది.

ఇంట్లో ఈ సంగతి నలిగి నలిగి, ఒక సాయంత్రం భోజనాల దగ్గర తెగింది. ఆ పూట బావమరిది కూడా ఉన్నాడు. పరుపుల కొట్టు నడుపుతాడు. ఈ మధ్య ఒక లైఫ్ కోచ్ దగ్గరికి వెళుతూ, చీకటితోనే లేచి, వేడినీళ్ళు తాగి, అద్దంలో తనను తానే పలకరించుకుంటున్నాడు. కనిపించినవాళ్ళందరినీ పెందలాడే లేవమంటున్నాడు. బావను తన కోచ్ దగ్గరికి తీసుకెళతాననీ, గురి ఒకటి పెట్టుకుంటే పని దానంతటదే నడుస్తుందనీ ఉత్సాహంగా చెప్పాడు.

"పరుపులు అమ్మేవాడివి," అంది వాడి అక్క, కుర్చీలాయన భార్య, "ఊరందరినీ నిద్ర మానుకోమంటే నీ సరుకు ఎవరు కొంటార్రా?"

కూతురికి మేనమామ మాట నచ్చలేదు. నాన్నకు దారి తెలియక కాదు, కాళ్ళు కదలక అని ఆ పిల్ల అభిప్రాయం. తన కొట్టులో ఒకామె ప్రమాదం తర్వాత బండెక్కడానికి వణికిపోతుంటే థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళి కుదుటపడింది. నాన్న కూడా అలాంటివాళ్ళ దగ్గరే కూర్చోవాలంది. జబ్బుంటే కదా డాక్టరు, మా బావ దున్నపోతులా ఉన్నాడు అన్నాడు మేనమామ. దున్నపోతు కంచంలో చెయ్యి పెట్టి వింటూ కూర్చుంది.

కుర్చీలాయనకు రెండూ ఒకటే. మాటలతో కుర్చీ అల్లినవాణ్ణి తను చూడలేదు. కానీ వారానికి ఒక మధ్యాహ్నం కొట్టు మూయగలడు, అంతకంటే కుదరదు. వెళితే ఒకరి దగ్గరికే వెళ్ళాలి.

"ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళండి," అంది భార్య. "నర్సమ్మ గారు ఎదురొస్తుంటే నేను సందు మారిపోతున్నా."

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, తుడుచుకుంటూ, మెల్లగా చెప్పాడు. ఆ ఊగుడు కుర్చీని ఆవిడ బండెక్కేలోపు చేతికివ్వలేకపోతే ఇక తను అల్లేవాడు కాదు. కొట్టు తాళం బావమరిదికి ఇచ్చేస్తాడు, పరుపులు పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ మాట అన్నాక ఎవరూ నవ్వలేదు. బావమరిది కూడా.

మొదట కోచ్ దగ్గరికే వెళ్ళాడు. బావమరిది బండి తెచ్చి గుమ్మంలో పెట్టాడు కాబట్టి. పెద్ద కిటికీల గది, గచ్చు నిండా వెలుతురు. కోచ్ చిన్నవాడు. మునుపు ఈత నేర్పేవాడట. గొంతు ఇప్పటికీ నీళ్ళ అవతలి గట్టు నుంచి పిలిచినట్టే ఉంటుంది. కుర్చీలాయనకు మనిషి నచ్చాడు, ఎదుటివాడు చెప్పింది వింటాడు. అంతా విని, ముందు ఒక్క కుర్చీ, ఆ ఊగుడు కుర్చీ, పూర్తయినట్టు కళ్ళు మూసుకుని చూడమన్నాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు అలా చూడాలి. చూసిందాన్ని చేతులు వెతుక్కుంటూ పోతాయి.

ఈ పని కుర్చీలాయనకు పుట్టుకతో వచ్చినట్టు కుదిరింది. కళ్ళు మూసుకోగానే కుర్చీ వచ్చి నిలబడేది. అంచు చుట్టూ సన్న బద్ద గింజలు గుచ్చినట్టు వరసగా మెరిసేది. నర్సమ్మ గారు అందులో కూర్చుని ఊగేది. ఊగుతుంటే గది కూడా ఊగేది, కొక్కేలకున్న కుర్చీలన్నీ మెల్లగా కదిలి, వీధిలోకి, ఇళ్ళ మీదికి తేలిపోయేవి, ఒక్కోటీ తన ఇంటి కిటికీ వెతుక్కుంటూ. అంత హాయిగా ఉండేది ఆ చూడటం. కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం అయిపోయేది. బద్దలు తొట్టిలో నాని నాని రంగు మారాయి.

తర్వాతి వారం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కోచ్ నవ్వబోయి ఆగాడు.

"బాబాయ్ గారూ, ఎక్కడికి పోవాలో తెలియనివాళ్ళకి నేను పనికొస్తాను. తెలిసి, ఎలా పోవాలో తెలియకపోయినా పనికొస్తాను. మీకు ఆ రెండూ నాకంటే బాగా తెలుసు. మీరెందుకు ఆగుతున్నారో కనుక్కోవడం నా పని కాదు, నాకు రాదు కూడా. అది నేర్చుకుని చేసేవాళ్ళు వేరే ఉన్నారు." కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని అన్నాడు, "అయినా రమ్మంటే వస్తాను, కొట్టుకొచ్చి పక్కన నిలబడి తొందరపెడతాను. ఏం చేద్దామో మీరే చెప్పండి."

ఆలోచించి చెబుతానని కుర్చీలాయన లేచాడు. తనకు రాని పనిని రాదని చెప్పేవాడంటే ఆయనకు గౌరవం. నడిచే వెళతానని బావమరిదిని పంపేశాడు. వీధులు మధ్యాహ్నపు మగతలో ఉన్నాయి. ఎవరి ఇంట్లోనో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు ఆయన వెంటే చాలా దూరం వచ్చింది.

కొట్టుకొచ్చేసరికి గుమ్మంలో ఒక మనిషి భోజనాల బల్ల కుర్చీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సీటు కుంగింది, కాస్త బిగిస్తే చాలు, ఇవాళే ఇచ్చెయ్యమంటున్నాడు. కుర్చీలాయన అలవాటు ప్రకారం దాన్ని ముందు బోర్లించాడు. ఏ కుర్చీ వచ్చినా ముందు చేసేది అదే. పైనుంచి ఎంతసేపు చూసినా కుంగిందని తెలుస్తుంది గానీ, ఎందుకు కుంగిందో కిందనే ఉంటుంది. బోర్లించిన కుర్చీ కాళ్ళు పట్టుకుని ఆయన కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ మనిషి దగ్గితే గానీ కదలలేదు.

ఇంటికి వెళ్ళి భార్యతో, అమ్మాయి చెప్పిన థెరపిస్ట్ దగ్గరికే వెళతానన్నాడు. ఏమనిపించి అలా అనుకున్నారని భార్య అడిగింది.

"నన్ను బోర్లించి చూసేవాళ్ళు కావాలే."

"బోర్లిస్తే మీ జేబుల్లోంచి పేము ముక్కలే రాలతాయి," అంది ఆవిడ. అంటూనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆయన చూడనట్టు ఊరుకున్నాడు.

బావమరిదికి మాత్రం చిన్నతనమైంది. పిచ్చివాళ్ళ డాక్టరు మెట్లెక్కుతుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని ఫోనులో గొణిగాడు. కుర్చీల కోసం వెళ్ళాడనుకుంటారులే అన్నాడు కుర్చీలాయన.

థెరపిస్ట్ గది ఒక అచ్చాఫీసు పైన ఉంది. కింద యంత్రం ఆడుతుంటే ఆ దడదడ గచ్చులోంచి పైకి వచ్చి, అరికాళ్ళ దగ్గర మెత్తబడి, నిద్రలో ఉన్న పెద్ద జంతువు ఊపిరిలా ఉండేది. గదిలో రెండు చెక్క కుర్చీలు, ఒక కూజా, పలచటి తెర. ఆవిడది ఆయన ఈడే, నెరిసిన జుట్టు. కూర్చోమంటే ఆయన కుర్చీ వైపు చూసి, ఒకసారి తిప్పి చూడొచ్చా అని అడిగాడు. చూడండన్నట్టు ఆవిడ చెయ్యి చాపింది. రెండో కుర్చీ కూడా బోర్లించి, దీని వెనక కాలు కదులుతోందని చెప్పాడు.

"తెలుసండీ. అందుకే దాంట్లో నేను కూర్చుంటాను."

మొదటి రోజు పెద్దగా ఏమీ జరగలేదు. ఆవిడ కొన్ని అడిగింది, ఆయన తల ఊపాడు. మధ్యలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో ఆవిడ కదల్లేదు, గడియారం చూడలేదు, మాటతో పూడ్చాలని చూడలేదు. తడి బద్దను లాగకుండా, వదిలేయకుండా పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి కాబట్టి ఆయనకు అది కనిపించింది. మెట్లు దిగుతూ, ఇది కూడా చేతిపనిలాంటిదే కాబోలు అనుకున్నాడు.

తర్వాతి వారం, మీ పని ఎలా చేస్తారో చెప్పండి అంది. దీనికి ఆయన నోరు కదిలింది. నానబెట్టడం దగ్గర మొదలుపెట్టాడు. నిలువు వరస, అడ్డు వరస, ఐమూల వరస గాలిలోనే అల్లాడు. ఒళ్ళో కుర్చీ ఉన్నట్టే ఉంది ఆయనకు. అంచు దగ్గరికి వచ్చాడు. వెడల్పు బద్ద పరిచాడు. సన్న బద్దను బెజ్జంలోకి దింపాడు. కుడి చెయ్యి గాలిలో ఆగింది.

కింద యంత్రం ఆడుతోంది. ఆవిడ ఆ చేతినే చూస్తూ ఉంది. ఎంతసేపటికో, నిద్రలో ఉన్నవాణ్ణి లేపినంత మెల్లగా అడిగింది.

"ఇప్పుడు ఏం జరగాలండీ?"

"పైకి రావాలి కదమ్మా బద్ద."

"ఎవరివ్వాలి?"

ఆయన తన చేతిని తనే చూశాడు, ఎవరిదో అన్నట్టు. ఇన్ని నెలలుగా, ప్రతి కుర్చీ దగ్గరా, తను వెలుతురు కోసం ఆగలేదు. భుజం కోసం ఆగలేదు. కింది చెయ్యి కోసం ఆగాడు. అది ఇస్తుందని ఎదురుచూశాడు, ప్రతి పూటా, బద్ద ఎండి చిట్లేదాకా.

"అన్నయ్య," అన్నాడు.

ఆ రోజు ఇంకేమీ చెప్పలేకపోయాడు. ఇంటికెళ్ళి ముసుగు తన్ని పడుకుని మర్నాటి మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ నిద్రలో తొట్టి అంచులు దాటి పెరిగిపోయింది, చెరువంత అయింది. నీళ్ళ మీద కుర్చీలు బోర్లా తేలుతున్నాయి. ఒక్కో కుర్చీ కిందా ఒక చెయ్యి ఉందేమోనని ఆయన ఈదుకుంటూ పోయి తడిమి చూస్తున్నాడు. ఎక్కడా లేదు, కానీ ప్రతి కుర్చీ కిందా నీళ్ళు కాస్త వెచ్చగా ఉన్నాయి.

ఆ తర్వాతి వారాల్లో వెళ్ళిన ప్రతిసారీ అన్నయ్య గురించి మాట్లాడాడు. అన్నయ్య గోళ్ళ గురించి, ఎండిన బద్దను పళ్ళతో కొరికే అలవాటు గురించి, పీట మీద కూర్చునే కునుకు తీస్తూ కూడా బద్దను సరిగ్గా పక్క బెజ్జంలోకే పంపే నేర్పు గురించి. పని మాత్రం అక్కడే ఉంది. ఊగుడు కుర్చీకి అంచు పడలేదు. ఆకాశంలో మబ్బులు చేరుతున్నాయి, నర్సమ్మ గారి ఇంట్లో పెట్టెలు కడుతున్నారు. ఒకసారి ఆయన విసుగు ఆపుకోలేక, కారణం తెలిసింది కదా, ఇంకా చేతులు ఎందుకు కదలడం లేదని అడిగాడు. కారణం ఒక్కటేనా అని ఆవిడ తిరిగి అడిగింది.

అప్పుడు చెప్పాడు, ఇంతవరకు భార్యకు కూడా చెప్పనిది. ఆసుపత్రిలో చివరి రోజు అన్నయ్యకు మాట పడిపోయింది. తను మంచం పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. అన్నయ్య తన వేలు పట్టుకుని ఒక్కసారి గుంజాడు. దాహమేమో అనుకుని తను నీళ్ళ చెంచా నోటి దగ్గర పెట్టాడు, మింగలేదు. సరేలే, ఊగుడు కుర్చీ వీపు మిగిలి ఉంది, అది ముగించి సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మనిషి లేడు.

"నీళ్ళు కాదమ్మా అడిగింది. ఒక్కసారే గుంజాడు. చాలన్నాడు. జీవితమంతా ఆ గుంజు తెలిసినవాణ్ణి, ఆ పూట తెలుసుకోలేకపోయాను." ఆయన తన వేలిని తనే పట్టుకున్నాడు. "అన్నయ్యకి చాలేమో. నాకు చాలలేదు."

ఏడుపు ఎప్పుడు మొదలైందో ఆయనకు తెలియదు. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంటే నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మోచేతుల దాకా కారాయి. ఆవిడ కదిలే కాలున్న కుర్చీలో, కదలకుండా, ఆయన దగ్గరే కూర్చుంది. కింద యంత్రం ఆగిపోయింది. అచ్చాఫీసువాళ్ళు ఇళ్ళకు పోతూ మెట్ల కింద ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు చాలా దూరం నుంచి, మంచి చోటి నుంచి వచ్చినట్టు వినిపించింది. లేచేటప్పుడు, వచ్చే వారం కూడా రావచ్చా అని అడిగాడు. రండి, అంది ఆవిడ.

నర్సమ్మ గారి బండి సాయంత్రం బయలుదేరుతుందనగా, ఆ రోజు పొద్దున్నే మొదటి వాన పడింది. పెద్ద వాన కాదు, ఊరిని తడిపి వదిలేసేది. కుర్చీలాయన కొట్టు తలుపులు తీసి తొట్టిలో చెయ్యి పెట్టాడు. బద్ద వేలికి ఉంగరంలా చుట్టుకుంది. గాలి నిండా తడి ఉంది. ఇవాళ బద్ద తొందరగా ఎండదు, ఎంతసేపైనా ఆగుతుంది.

కానీ ముందు పైన నిలబడలేదు. బల్ల కిందున్న పొట్టి పీటను లాగి, దుమ్ము తుడిచి, గోడకు వీపు ఆనించి దాని మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. తలెత్తి చూస్తే సీటు గళ్ళలోంచి వాన వెలుతురు బూడిద రంగులో దిగుతోంది. పైన తను నిలబడే చోటు ముక్కలు ముక్కలుగా కనిపించింది, ఖాళీగా. ఓహో, అన్నయ్యకి నేను ఇలా కనిపించేవాణ్ణా అనుకున్నాడు. గోడ మీద, తల ఆనే చోట, నూనె మరక ఒకటి గుండ్రంగా ఉంది. దానికి తన తల ఆనించి, వాన చూరు నుంచి కారుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాడు.

లేచి, పైన నిలబడి, చీలలు ఊడదీసి, వెడల్పు బద్ద పరిచాడు. సన్న బద్దను బెజ్జంలోకి దింపాడు. కుడి చెయ్యి గాలిలో ఆగింది. ఆయన దాన్ని ఆగనిచ్చాడు. ఆగినంతసేపు ఆగనిచ్చి, వంగి, ఎడమ చేతిని సీటు కిందికి పంపాడు. ఆ చెయ్యి కంటికి కనపడదు, గళ్ళలోంచి ముక్కలుగా తప్ప. వేళ్ళు మొద్దుగా తడుముకున్నాయి, ఒక బెజ్జం తప్పాయి, వెనక్కి వచ్చాయి. బద్ద కొస తగిలింది. అందుకుని, లాగి, పక్క బెజ్జంలోంచి పైకి పంపాయి. పైన కుడి చెయ్యి దాన్ని పట్టుకుంది.

మొదట్లో నత్తనడకే. ఎడమ చేతికి కొత్త పని. నడుము పట్టేసింది, రెండుచోట్ల బద్ద మెలిపడితే విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత తర్వాత చేతులు రెండూ ఒకదాని సంగతి ఒకటి తెలుసుకున్నాయి. గళ్ళలోంచి కనిపిస్తున్న ఆ చేతి వైపు చూస్తే, వేలి కణుపులు, బొటనవేలు వంగే తీరు, అన్నయ్యవే. ఇన్నాళ్ళూ ఎప్పుడూ గమనించలేదు. ఒక్కతల్లి పిల్లల చేతులు కదా, ఇంకెలా ఉంటాయి. వాన ఆగి మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన బెజ్జం దగ్గరికి వచ్చాడు. చివరి కొసను కిందికి దింపాడు. కింది చెయ్యి దాన్ని అందుకుని, ఒక్కసారి గుంజింది.

చాలు.

ఆయన కింద మిగిలిన బద్ద కొసలు కోసి, చట్రాన్ని తడిగుడ్డతో తుడిచాడు. అరచేత్తో అంచు చుట్టూ ఒకసారి తడిమి చూశాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

బావమరిది పరుపుల బండి తెచ్చాడు, కుర్చీ వానలో తడవకుండా పైన కప్పుతో సహా. ఒక్క మాట కూడా వేళాకోళం ఆడలేదు. ఇద్దరూ కలిసి కుర్చీని నర్సమ్మ గారి గుమ్మంలో దించారు. ఇల్లంతా ఖాళీ, గోడల మీద సామాను నీడల గుర్తులు. ఆవిడ గొడుగు గోడకు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా కుర్చీలోకి ఒదిగింది. వెనక్కి ఊగింది, ముందుకు ఊగింది. అంచు మీద బొటనవేలు జార్చింది, పుట్టిన బిడ్డ నుదురు తడిమినట్టు.

"అంతా సవ్యంగానే ఉందయ్యా," అంది. "కాస్త ఆలస్యమైంది గానీ."

ఆవిడను తీసుకెళ్ళే బండివాడు బయట నుంచి పిలిచాడు. ఆవిడ వెంటనే లేవలేదు. కళ్ళు మూసుకుని ఇంకోసారి ఊగింది. తర్వాత లేచి నిలబడి పక్కకు తప్పుకుంది. కుర్చీలాయన కుర్చీని రెండు చేతులతో ఎత్తి, కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద, బండి మీదున్న మనిషికి అందించాడు.